పోల్ డ్యాన్స్ భంగిమలు నేర్చుకోవడానికి ఏ వీడియోను, ఏ పుస్తకాన్ని నమ్మాలి?

వరంగల్, హన్మకొండ, కాజీపేట ప్రాంతాల్లో పోల్ డ్యాన్స్, అంటే నిలువుగా బిగించిన లోహపు గొట్టాన్ని (పోల్‌ను) పట్టుకుని చేసే నాట్య విన్యాసం, నేర్చుకోవాలనుకునేవారికి అసలైన ఇబ్బంది పోల్ దొరకకపోవడం కాదు, పక్కన నిలబడి తప్పు సరిదిద్దే శిక్షకులు దొరకకపోవడం. హైదరాబాద్, బెంగళూరు, ముంబై వంటి నగరాల్లో శిక్షణ కేంద్రాలు ఉన్నాయి గానీ, కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగడానికే సుమారు రెండు గంటలు పడుతుంది కనుక, ఉద్యోగమో చదువో ఉన్నవారికి వారం వారం వెళ్లి రావడం కుదరని పని. అప్పుడప్పుడు తరగతికి వెళ్లినా, మిగిలిన రోజుల్లో వీడియోలు, పుస్తకాలు, ఫోన్‌లోని యాప్‌ల మీద ఆధారపడక తప్పదు. వాటికి కొరత లేదు. కొరతంతా వాటిలో ఏది దేనికి పనికివస్తుందో తేల్చుకునే పద్ధతికే ఉంది.

ఒక భంగిమను నేర్చుకోవాలంటే తెలియవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. దాని పేరేమిటి, దానికి ముందు ఏమేమి వచ్చి ఉండాలి, నేల మీద నుండి ఆ భంగిమలోకి ఎలా వెళ్లాలి, అందులో శరీరం ఏ ఏ చోట్ల పోల్‌ను పట్టుకుని ఉంటుంది, అందులో నుండి క్షేమంగా ఎలా దిగాలి. వీటన్నింటికీ ఒకే చోట సమాధానం చెప్పే ఆధారం చాలా అరుదు. ఎక్కువ వాటిలో ఆకారం ఉంటుంది, ఎక్కే దారి కొంత ఉంటుంది, దిగే దారి అసలు ఉండదు. పోల్ మీద దెబ్బ తగిలేది సాధారణంగా ఎక్కేటప్పుడో దిగేటప్పుడో గనుక, దిగే దారి చూపని దానిని ఎంత అందంగా తీసినా నేర్చుకోవడానికి ఆధారంగా తీసుకోకూడదన్నది ఈ వ్యాసంలోని ముఖ్యమైన సలహా.

ఆకారానికీ కదలికకూ మధ్య ఉన్న ఈ ఎడం మన ప్రాంతానికి కొత్తది కాదు. 1213 నాటి రామప్ప గుడిలో నాట్య భంగిమలు రాతిలో నిలిచి ఉన్నాయి. కాకతీయ గణపతిదేవుని గజసాహిణి, అంటే ఏనుగుల దళాధిపతి, జాయప సేనాని 1253–54 ప్రాంతంలో రచించిన నృత్తరత్నావళిలో నాట్యపు కదలికల వివరణ ఉంది. మరుగున పడిన కాకతీయుల కాలపు నాట్యం పేరిణిని నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు 20వ శతాబ్దంలో తిరిగి నిలబెట్టినప్పుడు శిల్పాలను ఒక్కటే చూసి ఊరుకోలేదు, గ్రంథాన్నీ ఆశ్రయించారు. శిల్పం ఒక క్షణాన్ని మాత్రమే చూపుతుంది, ఆ క్షణానికి ముందూ వెనుకా ఏం జరిగిందో చెప్పదు. పోల్ డ్యాన్స్ ఫొటో కూడా అంతే చేస్తుంది.

పుస్తకాలు, భంగిమల పట్టికలు

అచ్చు పుస్తకాలలోనూ, భంగిమలను వరుసగా బొమ్మలతో చూపే పట్టికలలోనూ ఉన్న మేలు క్రమం. ఏది తేలిక, ఏది కష్టం, దేని తర్వాత ఏది అనే అంతస్తులు వాటిలో ఉంటాయి. ఒక్కొక్క భంగిమకు ఉన్న మారుపేర్లను కూడా ఇచ్చే పుస్తకమైతే ఇంకా మంచిది, ఎందుకంటే ఈ రంగంలో పేర్లు దేశానికొకటి, కొన్నిసార్లు స్టూడియోకొకటి. బ్రిటన్‌లో చాలామంది జెమినీ అనే దానిని అమెరికాలో ఔట్‌సైడ్ లెగ్ హ్యాంగ్ అంటారు. స్కార్పియోను ఇన్‌సైడ్ లెగ్ హ్యాంగ్ అంటారు. మొదటిదానిలో పోల్‌కు దూరంగా ఉన్న కాలు, రెండవదానిలో దగ్గరగా ఉన్న కాలు మోకాలి మడతతో పోల్‌ను పట్టుకుంటుంది. పేరును బట్టి వెతికి, ఒక వీడియోలో ఎక్కే పద్ధతి, మరొక వీడియోలో దిగే పద్ధతి చూసుకునేవారు రెండూ ఒకే కాలి గురించి చెబుతున్నాయో లేదో తప్పక సరిచూసుకోవాలి.

పుస్తకం కొనేముందు లోపలి పేజీల నమూనా చూడడం అవసరం. ఒక్కో భంగిమకు ఒకే ఫొటో ఉన్న పుస్తకం జ్ఞాపకానికి పనికివస్తుంది, నేర్చుకోవడానికి పనికిరాదు. మూడు నాలుగు మెట్లుగా ఫొటోలు, శరీరం ఆనే చోట్ల గుర్తులు ఉన్నది కొనదగినది. స్పైరల్ బైండింగ్ ఉంటే నేల మీద తెరిచి పెట్టుకోవచ్చు, చూడడానికి చిన్న విషయమే గానీ రెండు చేతులూ పోల్ మీద ఉన్నప్పుడు దాని విలువ తెలుస్తుంది.

క్రీడా నియమావళిని ఎలా వాడుకోవాలి

2009లో ఏర్పడిన ఇంటర్నేషనల్ పోల్ స్పోర్ట్స్ ఫెడరేషన్ తన పోటీల కోసం కోడ్ ఆఫ్ పాయింట్స్ అనే నియమావళిని రూపొందించింది. దానిని సమాఖ్య తన వెబ్‌సైట్‌లో అందుబాటులో ఉంచుతుంది, కాలానుగుణంగా సవరిస్తుంది కనుక ఎవరో వాట్సాప్‌లో పంపిన పాత పీడీఎఫ్‌ను కాకుండా కొత్త ప్రతినే తీసుకోవాలి. అందులో ఒక్కొక్క అంశానికి గుర్తు సంఖ్య, పేరు, బొమ్మ, కష్టాన్ని బట్టి విలువ, చేతులూ కాళ్లూ ఎలా ఉండాలన్న నిబంధనలు ఉంటాయి. భంగిమను కనీసం 2 సెకన్లు నిలపాలి, కదలని పోల్ మీద స్పిన్ (గిరగిర తిరిగే కదలిక) అయితే శరీరం కనీసం 360 డిగ్రీలు, తిరిగే పోల్ మీద అయితే 720 డిగ్రీలు తిరగాలి వంటి కొలతలు ఇంట్లో ఒంటరిగా సాధన చేసేవారికి ఎంతో ఉపయోగపడతాయి. తీసుకున్న వీడియోను వాటితో పోల్చి చూసుకుంటే పని పూర్తయిందో లేదో ఎవరినీ అడగకుండానే తెలుస్తుంది.

అయితే అది న్యాయనిర్ణేతల కోసం రాసినది. భంగిమ సరిగ్గా ఉందా లేదా అని అది చెబుతుంది, ఎలా సాధించాలో చెప్పదు. తక్కువ విలువ ఇచ్చిన అంశం కొత్తవారికి తేలికని కూడా అనుకోరాదు, ఎందుకంటే ఆ విలువలన్నీ పోటీకి సిద్ధమైన శరీరాన్ని దృష్టిలో పెట్టుకుని నిర్ణయించినవి. పేరును ఖరారు చేసుకోవడానికీ, ఆకారాన్ని సరిచూసుకోవడానికీ దీనికి మించిన ఉచిత ఆధారం కనిపించదు; అంతకు మించి దాని నుండి ఆశించకూడదు. వేరే సమాఖ్యలకు వేరే నియమావళులు ఉన్నాయి గనుక రెండింటిని కలగాపులగం చేయకపోవడం మంచిది.

వీడియోను పరీక్షించే పద్ధతి

ఎక్కువమందికి ప్రధాన ఆధారం యూట్యూబే కాబట్టి ఇక్కడ కొంత ఎక్కువసేపు ఆగాలి. ఒక భంగిమకు వీడియో వెతికినప్పుడు ముందుగా ధ్వని ఆపేసి ఒకసారి చూడాలి. కాళ్లు నేల మీద ఉన్నప్పుడు మొదలై, మళ్లీ కాళ్లు నేలకు ఆనిన తర్వాత ముగిసిందా? ఒకే కోణం నుండి కాకుండా కనీసం రెండు వైపుల నుండి చూపించారా? పోల్‌కు దూరపు చేయి ఎప్పుడు వదిలిందో, తిరిగి ఎప్పుడు పట్టిందో స్పష్టంగా కనబడిందా? ఈ మూడింటికీ అవునన్న జవాబు రాకపోతే అది ప్రదర్శనే తప్ప పాఠం కాదు. తర్వాత ధ్వనితో చూడాలి. మంచి శిక్షకులు మొదటి నిమిషంలోనే, దీనికి ముందు మీకు ఏ భంగిమలు వచ్చి ఉండాలో చెబుతారు, కొత్తవారు ఎక్కడ పొరపడతారో చేసి చూపిస్తారు, అలసిపోతే మధ్యలో ఎలా విరమించాలో చెబుతారు. ఈ చివరిది చెప్పేవారు తక్కువ. చెప్పిన వారి ఇతర వీడియోలను కూడా నిశ్చింతగా దాచుకోవచ్చు.

ఉదాహరణకు ఇందాకటి ఔట్‌సైడ్ లెగ్ హ్యాంగ్‌నే తీసుకుందాం. తలకిందులుగా ఒక మోకాలి మడతతో వేలాడుతూ రెండు చేతులూ వదిలే భంగిమ ఇది. అర నిమిషపు వీడియోలో పాట మొదలవుతుంది, చేసి చూపే అమ్మాయి తలకిందులవుతుంది, కాలు తగిలిస్తుంది, చేతులు చాచి నవ్వుతుంది, వీడియో అయిపోతుంది. దీనిని చూసి అనుకరించినవారికి పైకి వెళ్లడం ఒకవేళ కుదిరినా, చేతులు తిరిగి పోల్‌ను అందుకోవడానికి పొట్ట కండరాల్లో ఎంత బలం కావాలో అప్పుడే తెలుస్తుంది, అప్పటికి తల కిందికి ఉంటుంది. పాఠం అనదగిన వీడియోలో ముందు నేల మీద పడుకుని చేసే కసరత్తు ఉంటుంది, తర్వాత కాళ్లను విసరకుండా తలకిందులు కావడం వేరుగా వస్తుందో లేదో పరీక్ష ఉంటుంది, ఆపైన చేతులు వదలకుండానే కాలు తగిలించి తిరిగి దిగడం ఉంటుంది. చేతులు వదలడం అన్నింటికన్నా చివర వస్తుంది. ఎడమ, కుడి రెండు వైపులా చేయించే వీడియో అయితే ఇంకా మేలు, ఎందుకంటే ఒకే వైపు సాధన చేస్తే భుజాల బలం అసమానమవుతుంది.

కొన్ని గుర్తులు కనబడిన వెంటనే వీడియోను మూసేయడమే మంచిది. కొత్తవారి కోసమని పేరు పెట్టి కాళ్లను ఊపుతో పైకి విసిరి తలకిందులు కావడం నేర్పేవి, భుజాన్ని చెవి దగ్గరకు లాగేసుకుని వేలాడమనేవి, ఒక్క రోజులో సాధించండి అనే సవాలు వీడియోలు ఈ కోవలోకి వస్తాయి. ట్విస్టెడ్ గ్రిప్ అనే మెలితిప్పిన పట్టును, అంటే పై చేతి బొటనవేలు కిందికి చూసేలా తిప్పి పట్టుకునే పద్ధతిని, మొదటి నెలల్లోనే చేయించే వీడియోలను మరింత అనుమానంగా చూడాలి. ఆ పట్టులో భుజం లోపలికి తిరిగి ఉండగానే శరీర బరువంతా దాని మీద పడుతుంది. పైకి చూడడానికి తేలికగా కనిపించడమే దానిలోని ప్రమాదం. వీక్షణల సంఖ్యను గానీ, చేసేవారి శరీర సౌష్ఠవాన్ని గానీ నాణ్యతకు కొలతగా తీసుకోరాదు. ఏళ్ల తరబడి జిమ్నాస్టిక్స్ చేసినవారికి ఏ పద్ధతైనా పనిచేస్తుంది, అందులో వారి వివరణ గొప్పతనం ఏమీ లేదు.

యూట్యూబ్‌లో వేగాన్ని పావు వంతుకు తగ్గించుకునే సౌకర్యం ఉంది, చేతులు మారే చోట దానిని తప్పక వాడాలి. శిక్షకులు కెమెరాకు ఎదురుగా ఉన్నారా, వీపు చూపిస్తున్నారా, వీడియో అద్దంలో బొమ్మలా తిరగబడి ఉందా అనేది కూడా ముందే చూసుకోవాలి. దుస్తుల మీద అక్షరాలు ఉంటే అవి తిరగబడి ఉన్నాయో లేదో చూస్తే విషయం వెంటనే తేలిపోతుంది. తెలుగులో పోల్ పాఠాలు వెతికితే దొరికేది దాదాపు శూన్యం. యంత్రం చేసే తెలుగు అనువాదాన్ని నమ్ముకోవడం కంటే, ఇంగ్లిష్ ఉపశీర్షికలనే (సబ్‌టైటిల్స్) పెట్టుకుని, పది ఇరవై మాటలను అర్థం చేసుకుని ముందుకు వెళ్లడం క్షేమకరం. లోపలి కాలు, బయటి కాలు అంటే పోల్‌కు దగ్గరిదీ దూరందీ అని గుర్తుంటే సగం గందరగోళం తీరినట్టే.

ఇన్‌స్టాగ్రామ్ గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. ఏ భంగిమలు ఉన్నాయో, ఒకదాని నుండి మరొకదానిలోకి ఎలా కలపవచ్చో తెలుసుకోవడానికి అది బాగుంటుంది. నచ్చినవాటిని ఒక సేకరణగా దాచుకుని, నేర్చుకోవలసినప్పుడు ఆ పేరుతో పాఠం వేరే చోట వెతుక్కోవాలి.

డబ్బు కట్టి చేరే ఆన్‌లైన్ తరగతులు

నెలవారీ చందాతో నడిచే ఆన్‌లైన్ స్టూడియోలలో పాఠాలు క్రమంలో ఉంటాయి, అందువల్ల ఒక అంతస్తు దాటకుండా రెండవదానిలోకి దూకే దురలవాటు తగ్గుతుంది. చాలావాటి ధర డాలర్లలో ఉంటుంది కాబట్టి, బ్యాంకు కార్డులో విదేశీ చెల్లింపులు తెరిచి ఉన్నాయో లేదో, చందా తనంతట తాను పునరుద్ధరణ అవుతుందో లేదో ముందే చూసుకోవాలి. ఉచితంగా చూడనిచ్చే రోజుల్లో ఆకర్షణీయమైన కష్టమైన పాఠాల వెంట పడకుండా, మీకు ఇప్పటికే బాగా వచ్చిన ఒక భంగిమ పాఠాన్ని తెరిచి చూడాలి. మీకు తెలిసిన విషయాన్ని వారు ఎంత జాగ్రత్తగా, ఎంత వివరంగా చెప్పారో చూస్తే తెలియని విషయాలను ఎలా చెబుతారో అంచనా వేయడం సులువు. మీరు పంపిన వీడియోను చూసి తప్పులు చెప్పే ఏర్పాటు ఉన్న స్టూడియోకు కొంత ఎక్కువ చెల్లించినా నష్టం లేదు. అలా పంపేటప్పుడు ఆ వీడియోను వారు తమ ప్రచారానికి వాడుకుంటారా అని రాతపూర్వకంగా అడగాలి. చిన్న ఊళ్లలో, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో, ఇది ఇంట్లో వారితో వచ్చే తగవులను ముందే ఆపుతుంది.

ఆధారంలోని పోల్, ఇంట్లోని పోల్

మీరు చూస్తున్న వీడియోలో ఉన్న పోల్ ఎలాంటిదో గమనించకపోతే సరైన పాఠం కూడా తప్పుడు ఫలితమే ఇస్తుంది. పోల్ కదలకుండా స్టాటిక్ పద్ధతిలో ఉందా, తిరిగే స్పిన్ పద్ధతిలో ఉందా అన్నది మొదటి ప్రశ్న. స్టాటిక్ పోల్ మీద శరీరం పోల్ చుట్టూ తిరుగుతుంది, ఊపు అడుగు నుండి రావాలి. స్పిన్ పోల్ మీద కొద్దిపాటి ఊపే చాలు, ఎక్కువైతే కళ్లు తిరుగుతాయి. మందం సాధారణంగా 40, 45, 50 మిల్లీమీటర్లలో దొరుకుతుంది, పోటీలలో 45 వాడుకలో ఉంది. చిన్న చేతులున్నవారు మందమైన పోల్ మీద చేసిన పాఠాన్ని సన్నని దాని మీద అనుసరించినప్పుడు చేతి పట్టు తేలిక కావచ్చు గానీ, మోకాలి మడతకు నొప్పి ఎక్కువ కావచ్చు.

వాతావరణం సంగతి విదేశీ పాఠాలు మనకు చెప్పవు. చలి దేశాల శిక్షకులు పోల్‌ను ముందు వెచ్చబరచండి అంటారు, చేతులకు జిగురునిచ్చే పదార్థాలు పూసుకోమంటారు. మే నెలలో నలభై డిగ్రీలు దాటే వరంగల్‌లో సమస్య దీనికి తలకిందులు: చెమట. ఇక్కడ తడిని పీల్చే ద్రవరూప చాక్ పనికివస్తుంది. క్రోమ్ పూత పోల్ చెమటకు తొందరగా జారుతుంది, ఇత్తడి మీద పట్టు మెరుగ్గా నిలుస్తుంది. తొడలు, మోకాలి మడతలు, నడుము పక్క భాగం చర్మంతోనే పోల్‌ను పట్టుకోవాలి కనుక పొట్టి దుస్తులు ప్రదర్శన కోసం కాదు, భద్రత కోసమే. పొడవు లెగ్గింగ్స్‌తో తలకిందుల భంగిమలు చూపించే వీడియో ఉంటే, అందులోని దుస్తులకు ప్రత్యేకమైన పట్టు పూత ఉందో లేదో చూసుకోకుండా అనుకరించకూడదు.

తయారీదారు ఇచ్చే బిగింపు పుస్తకం కూడా ఒక ఆధారమే, అందరూ పక్కన పడేసేదీ అదే. పోల్‌లు తయారుచేసే ఎక్స్-పోల్ వారి సాధారణ ఇంటి పోల్ సుమారు 7 అడుగుల 4 అంగుళాల నుండి 9 అడుగుల వరకు ఎత్తున్న గదికి సరిపోతుంది. మన స్లాబు ఇళ్లు చాలావరకు పది అడుగులు ఉంటాయి గనుక అదనపు గొట్టం కొనవలసి వస్తుంది. నేలకూ పైకప్పుకూ మధ్య ఒత్తిడితో బిగించే పోల్‌ను ప్లాస్టర్ ఫాల్స్ సీలింగ్ కింద గానీ, రేకుల కింద గానీ, పెంకుటింట్లో గానీ పెట్టకూడదు.

స్తంభం మీద విన్యాసాలు చేసే మన దేశపు విద్య మల్లఖంబ్ వీడియోలను ఆధారంగా తీసుకోవచ్చా అని అడిగేవారు ఉంటారు. మధ్యప్రదేశ్ 2013లో రాష్ట్ర క్రీడగా ప్రకటించిన ఈ విద్యలో కాళ్లతో, తొడలతో పట్టు బిగించే పద్ధతి, బలం పెంచే కసరత్తు నేర్చుకోదగినవి. హిందీ, మరాఠీ పాఠాలు మనవారికి ఇంగ్లిష్ కంటే దగ్గరగా కూడా అనిపించవచ్చు. కానీ ఆ స్తంభం చెక్కది, మందమైనది, పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది, ఆముదం రాసి వాడతారు, నేలలో పాతి ఉంటుంది. దాని మీది దూకుళ్లను ఉక్కు గొట్టం మీద ప్రయత్నించడం ప్రమాదం. రబ్బరు తొడుగు ఉన్న చైనీస్ పోల్ సర్కస్ విద్యకూ ఇదే మాట వర్తిస్తుంది. అక్కడ నిండు దుస్తులతో, బూట్లతో పట్టు దొరుకుతుంది, ఇక్కడ దొరకదు.

సొంత పుస్తకం

ఇన్ని చోట్ల నుండి ఏరిన సమాచారం ఒక చోటికి రాకపోతే సాధన రోజున ఫోన్‌లో వెతుక్కోవడంతోనే శరీరం చల్లబడిపోతుంది. ఒక సాధారణ నోటు పుస్తకంలో భంగిమకొక పేజీ కేటాయించి, పైన అన్ని మారుపేర్లు, కింద ముందు రావలసిన భంగిమలు, తర్వాత ఎక్కే దారి, పోల్‌ను ఆనే చోట్లు, దిగే దారి రాసుకోవాలి. ఆనే చోట్లను తెలుగులోనే రాయడం మేలు: మోకాలి మడత, మోచేతి మడత, చంక, తొడ లోపలి వైపు, పిక్క, మడమ పైభాగం. దిగే దారి గడి ఖాళీగా ఉన్న పేజీలోని భంగిమను, ఎంత ఊరించినా, ఆ గడి నిండేవరకు ప్రయత్నించకూడదు. రెండు ఆధారాలు ఒకే విషయంలో విభేదిస్తే రెండింటినీ రాసి ప్రశ్నార్థకం పెట్టుకోవాలి, తొందరపడి ఒకదానిని కొట్టివేయనక్కర్లేదు. తేడా తరచుగా పోల్ రకంలోనో, లోపలి కాలు బయటి కాలులోనో తేలుతుంది.

శరీరం చెప్పే విషయాల్లో కొన్నింటికి వీడియో ఆధారం కాదు. తొడల మీద, పిక్కల మీద కమిలిన మచ్చలు మొదట్లో మామూలే. భుజంలో రాత్రిపూట నిద్ర చెడగొట్టే నొప్పి, వేళ్లలో తిమ్మిరి, పట్టు ఉన్నట్టుండి జారిపోవడం వంటివి మామూలు కాదు. వాటికి సమాధానం ఆన్‌లైన్‌లో వెతకకుండా ఎముకల వైద్యులనో ఫిజియోథెరపిస్టునో కలవాలి, కలిసినప్పుడు మీరు చేస్తున్న భంగిమ ఫొటో చూపిస్తే ఏ దిశలో బరువు పడుతోందో వారికి వెంటనే అర్థమవుతుంది.

హైదరాబాద్ తరగతికి వెళ్లే రోజున ఆ నోటు పుస్తకం వెంట ఉండాలి. గంట తరగతిలో కొత్త భంగిమలు నాలుగు చూసి రావడం కంటే, ప్రశ్నార్థకాలు పెట్టుకున్న పేజీలను శిక్షకుల ముందు తెరిచి, వారు చేయి పట్టి చూపించగలిగినవి ముందు అడగాలి. తలకిందులయ్యేటప్పుడు భుజం సరిగ్గా కిందికి దిగి ఉందా, మోకాలి మడత పోల్‌ను లోతుగా పట్టిందా, దిగేటప్పుడు కాళ్లు అదుపులో ఉన్నాయా అనేవి ఎదురుగా ఉన్న మనిషి మాత్రమే చెప్పగలిగినవి. అనుమతి తీసుకుని ఆ సవరణలను మీ ఫోన్‌లోనే చిత్రించుకుని, తేదీ వేసి ఆ భంగిమ పేజీకి జత చేసుకుంటే, అప్పటి నుండి ఆ భంగిమకు అదే మొదటి ఆధారం అవుతుంది, మిగిలిన వీడియోలను ఫోన్ నుండి తీసేయవచ్చు.